మోటారు లైనుకు కంచె తగిలించమనే పెద్దమనుషులకు

"ఏనుగుల బెడదకు ఐదు చిట్కాలు, ప్రతి రైతుకూ పంపండి" అన్న మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పంపుతున్నవాళ్లు మంచివాళ్లే, చదవకుండా పంపుతున్నారంతే.

ఎలుకను చూస్తే ఏనుగు పారిపోతుందట. పారిపోదు. తర్వాతది చూద్దాం.

మిరప పొగ, తేనెటీగలు. పనిచేస్తాయి, కాకపోతే చాకిరీ ఉంది. కారాన్ని వాడేసిన ఇంజను ఆయిల్లో కలిపి తాళ్లకూ గుడ్డలకూ పూస్తారు. వాన పడితే మళ్లీ పూయాలి. కారం కలిపిన పిడకలు రాజేస్తే గాలి ఏనుగుల వైపు వీచాలి, లేదంటే దగ్గేది కాపలా మనిషే. తేనెపెట్టెలను పది మీటర్లకొకటి చొప్పున తీగతో కలిపి వేలాడదీస్తారు. ఏనుగు తీగను తోస్తే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. కెన్యాలో ఇది బాగా ఫలించింది. పెట్టెల్లో పెంచే ఆసియా తేనెటీగలకు అంత కోపం లేదు.

ఇక మూడోది. "పొలం చుట్టూ తీగ కట్టి మోటారు లైను నుంచి కరెంటు ఇవ్వండి, ఫ్యూజు ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదు."

అయ్యా, ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా. పది ఆంపియర్ల ఫ్యూజు పోవాలంటే పదికి మించి పారాలి. గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదోవంతు చాలు. తడికాళ్లతో నిలబడ్డ మనిషి గుండా 230 వోల్టులు నేలలోకి దిగుతుంటే ఆ ఫ్యూజుకు కబురు కూడా అందదు. పైగా ఆ కరెంటుకు ఆగడం తెలియదు. కండరాలు బిగుసుకుని పట్టిన చెయ్యి తీగను వదలదు. ఏనుగు ఎప్పుడొస్తుందో ఏమో గానీ, చీకట్లో మోటారు వేయడానికి మాత్రం రోజూ మీ ఇంటి మనిషే వస్తాడు. బహుశా ఆరో చిట్కాలో దానికీ ఉపాయం చెబుతారు.

ఏనుగులకు కట్టే సోలార్ కంచె సంగతి వేరు. అందులో పనిచేసేది ఎనర్జైజర్, అంటే తీగలోకి కరెంటును ఆగి ఆగి దెబ్బలుగా పంపే పెట్టె. వోల్టులు వేలల్లోనే ఉంటాయి, కానీ సెకనుకు దాదాపు ఒక్క దెబ్బ, అదీ సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ సేపు. ఆ మధ్య ఖాళీలోనే ఏనుగు గానీ మనిషి గానీ వెనక్కి తగ్గేది. దెబ్బలోని శక్తి 5 జౌల్స్ (శక్తిని కొలిచే యూనిట్లు) మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. ఈ కంచె కూడా ఊరికే పనిచేయదు. గడ్డి తగిలితే వోల్టేజీ నేలలోకి జారిపోతుంది. నేల ఎండిపోతే ఎర్త్ అందక దెబ్బ పడదు, అందుకే కనీసం మూడు ఎర్త్ రాడ్లు, ఎడంగా, తడి ఉండే చోట దించాలి. దంతానికి షాక్ తగలదు కాబట్టి మగ ఏనుగులు తీగను దాంతోనే తెంపుతాయి. స్తంభానికి కరెంటు లేదని తెలిస్తే స్తంభాన్నే తోసేస్తాయి. రోజూ సాయంత్రం వోల్టుమీటరు పట్టుకుని చుట్టూ తిరిగే మనిషి లేకపోతే అది కంచె కాదు, బట్టలారేసుకునే తీగ.

"పట్టుకెళ్లి వేరే అడవిలో వదిలేయండి" అన్నది నాలుగోది. శ్రీలంకలో అలా తరలించిన 12 మగ ఏనుగులకు జీపీఎస్ కాలర్లు కట్టి గమనించారు, 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. కొన్ని పట్టిన చోటికే తిరిగొచ్చాయి, కొన్ని దూరదూరాలు తిరిగాయి, ఎనిమిది నెలల్లోనే అయిదు చచ్చిపోయాయి. బెడద తగ్గలేదు, వేరే ఊళ్లకు మారింది.

చివరిది, "అడవి సరిహద్దున కంచె దండగ, ఊరి చుట్టూ వేయండి" అన్నది నిజం. సరిహద్దు గీత కాగితం మీదిది, తరచూ దానికి రెండు వైపులా ఏనుగులుంటాయి, కంచెకు కాపలా కాయడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఊరికీ పైరుకీ కట్టుకున్న కంచెను ఊరివాళ్లే చూసుకుంటారు. కోతలయ్యాక పొలం తీగలు చుట్టి లోపల పెట్టేస్తే మోళ్లు ఏనుగులు మేస్తాయి, తీగా పాడవదు.