ముక్కులో కండ పెరిగితే తప్పు మనిషిదేనా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. ముక్కులో కండ మళ్ళీ పెరిగింది, ఇంకో ఆపరేషన్ అంటున్నారు అని చెప్పానో లేదో పిన్ని మొదలుపెట్టింది. "చల్లటివి తాగొద్దంటే వినవు, ఫ్యాను కింద పడుకోవద్దంటే వినవు, మరి పెరగదా?" చిన్నప్పటి నుంచి ఆస్తమాకి ఇదే మాట, ఇప్పుడు ముక్కుకీ ఇదే.

చల్లటి నీళ్ళు తాగితే పాలిప్స్ రావండీ. రావు. ముక్కు, సైనస్‌ల లోపలి పొర ఏళ్ళ తరబడి వాచి, నీరు పట్టి, ద్రాక్ష గుత్తిలా కిందికి వేలాడితే దాన్ని పాలిప్ అంటారు. ఆస్తమా ఉన్న మాలాంటి చాలామందిలో ఆ వాపుకి కారణం ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, వాటిని ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్లు అనే ప్రొటీన్లు. ఊపిరి గొట్టాలను వాచేలా చేసేవీ అవే! అయినా ఛాతీ డాక్టరు ముక్కులోకి చూడడు, ముక్కు డాక్టరు ఆయాసం సంగతి అడగడు, రెండు ఫైళ్ళు పట్టుకుని ఇద్దరి మధ్యా తిరగాల్సింది మనం.

ఆస్తమా ఉన్న అందరికీ పాలిప్స్ ఎందుకు రావు మరి? అక్కడే జన్యువుల పాత్ర ఉంది. ఏదో ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు, వాటికి బయటి కారణాలు తోడు. 2019లో ఐస్‌లాండ్, బ్రిటన్ వాళ్ళ జన్యువులను పరిశీలించినప్పుడు ఏఎల్‌ఓఎక్స్15 అనే జన్యువులో ఒక మార్పు బయటపడింది. అది ఉన్నవాళ్ళకి పాలిప్స్ వచ్చే అవకాశం మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు మూడో వంతే. వాళ్ళకి ఆ రక్షణ పుట్టుకతో వచ్చింది, ఫ్యాను ఆపేసి సంపాదించుకున్నది కాదు. కండ కోసేస్తారు గానీ శరీరానికున్న ఆ వాపు గుణాన్ని కోసెయ్యలేరు కదా, అందుకే ఆపరేషన్ అయ్యాక కూడా స్టెరాయిడ్ స్ప్రే వాడమంటారు, అందుకే వాడినా కొందరికి మళ్ళీ పెరుగుతుంది. ఇందులో మా అజాగ్రత్త ఎక్కడుంది?

పిన్ని అంటే చదువుకోలేదు, ప్రేమతోనే అంటుంది. చదువుకున్నవాళ్ళు నాన్నకి చేసినదే నేను మర్చిపోలేను. ఆయనకీ ఆస్తమా, ఆయనకీ ముక్కులో కండ, వాసన అసలు తెలిసేది కాదు. నడుము నొప్పని వెళ్తే ఒక ఆస్పత్రిలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చారు. కాసేపటికే ముఖం ఎర్రబడి, ముక్కు ధారగా కారి, ఊపిరి అందక గిలగిల్లాడిపోయారు. ఆస్తమా, పాలిప్స్ రెండూ ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్ పడదని ఫ్రాన్స్‌లో విడాల్ అనే డాక్టరు 1922లోనే రాశాడు. 1968లో శామ్టర్, బీర్స్ అనే డాక్టర్లు ఇంకా వివరంగా రాశారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివీ అదే కోవ. ఇంత పాత సంగతి తెలిసి కూడా "ముక్కులో కండ ఉందా, నొప్పి మాత్రలు ఎప్పుడైనా పడలేదా" అని ఒక్క ప్రశ్న అడగడానికి వాళ్ళకి నోరు రాలేదు. పైగా నాన్న తేరుకున్నాక "ముందే చెప్పాలి కదమ్మా" అని మా అమ్మ మీద అరిచారు.

ఆవిడకి ఎవరు చెప్పారని ఆవిడ చెప్పాలి? ఆస్తమా అని చీటీ మీద రాసుకున్నది వాళ్ళే, ఆ కిందే ఆ మందు రాసిందీ వాళ్ళే.