పెద్ద నంబరు క్యామ్‌కు జై

టర్బో ఇంజిన్‌కు క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ) ఎలా ఎంచుకోవాలి? నంబరు చూసి. 264 కన్నా 272 గొప్పది, 272 కన్నా 280 గొప్పది. 9999 నంబరు ప్లేటు కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసే జాతికి ఈ శాస్త్రం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ నంబరు నిజానికి వాల్వు ఎన్ని క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) డిగ్రీల సేపు తెరుచుకుని ఉంటుందో చెబుతుందట. ఎంత లిఫ్ట్ (వాల్వు లేచిన ఎత్తు) దగ్గర లెక్క మొదలుపెట్టారని మాత్రం అడగకండి, అమ్మేవాడు నొచ్చుకుంటాడు. ఒకడు వాల్వు సీటు మీంచి వెంట్రుకవాసి లేవగానే లెక్కపెడతాడు, ఇంకొకడు 1 మిల్లీమీటరు లేచాక. అదే లోబ్ (క్యామ్ మీద వాల్వును నెట్టే గుబ్బ) రెండోవాడి క్యాటలాగులో ముప్పై నలభై డిగ్రీలు తక్కువగా తేలుతుంది. పాపం, అక్కడ దాన్ని ఎవరూ కొనరు.

నంబరు నచ్చింది కదా, ఇక ఓవర్‌ల్యాప్ అనే చిల్లర విషయం. గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్‌కు, పొగ బయటికెళ్ళే ఎగ్జాస్ట్‌కు 272-272 జత, లోబ్ సెపరేషన్ (రెండు లోబ్‌ల కేంద్రాల మధ్య కోణం, క్యామ్ డిగ్రీల్లో) 112 అనుకోండి. రెండు డ్యూరేషన్ల (వాల్వు తెరిచి ఉండే డిగ్రీల) సగటు 272లోంచి 112కి రెట్టింపు 224 తీసేస్తే 48. అంటే 48 డిగ్రీల సేపు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచే ఉంటాయి. వీధి తలుపూ పెరటి తలుపూ తీసిపెడితే ఇంట్లో గాలి బాగా ఆడుతుందని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. గాలి ఎటునుంచి ఎటు ఆడుతుందన్నదే తగువు.

టర్బో లేని ఇంజిన్‌లో ఆ తగువు చాలావరకు ఎగ్జాస్ట్ పైపుల పొడవు తీరుస్తుంది. టర్బో ఇంజిన్‌లో పొగ తోపుకు తిరిగే టర్బైన్ చక్రం అడ్డం కూర్చుంటుంది. చిన్న టర్బో పెట్టి 1.5 బార్ బూస్టు (లోపలికెళ్ళే గాలికి టర్బో ఇచ్చే అదనపు ఒత్తిడి) పిండితే, పై ఆర్‌పీఎంలో టర్బైన్ ముందు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగంతా చేరే గొట్టంలో) 3 బార్ ఉండటం వింతేమీ కాదు. అప్పుడు ఆ 48 డిగ్రీల్లో కొత్త గాలి బయటికి పోవడం కాదు, పొగే తిరుగుముఖం పట్టి లోపలికొస్తుంది. సిలిండర్‌లో మిగిలిన వేడి పొగ కొత్త గాలిని కాస్తుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. బూస్టు గేజి మాత్రం నిబ్బరంగా 1.5 చూపిస్తూనే ఉంటుంది. దాన్నే ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఈ భక్తికి ప్రధాన శత్రువు ఒకటుంది, దాన్ని దగ్గరికి రానివ్వొద్దు. టర్బైన్‌కు ముందు మేనిఫోల్డ్‌కు చిన్న రంధ్రం వేసి మర తీసి, వేడి చల్లారడానికి అర మీటరో మీటరో లోహపు గొట్టం చుట్టి, దాని చివర ప్రెషర్ సెన్సార్ పెట్టడం. (నేరుగా మేనిఫోల్డ్‌కే బిగిస్తే సెన్సార్ మాడుతుంది. భక్తులకు అదొక్కటే ఊరట.) ఆ అంకె బూస్టుకు రెండింతలుంటే కంపెనీ క్యామ్‌లు ఉంచుకోవడమో, మహా అయితే సెపరేషన్ ఎక్కువున్న 264తో సరిపెట్టుకోవడమో చేయాలి. డబ్బు ముందు టర్బైన్ హౌసింగ్ (టర్బైన్ చుట్టూ ఉండే డొల్ల) మీద పెట్టాలి. పెద్ద హౌసింగ్ పెట్టాక ఆ అంకె బూస్టుతో సమానానికొస్తే 272, 280 అప్పుడు తిన్న తిండికి పని చేస్తాయి. ఇలా ఒక్క గొట్టంతో ఎంతమంది నమ్మకం కూలుతుందో ఆలోచించండి.

మిత్సుబిషి ఎవో 8లో ఉన్న 4జీ63 ఇంజిన్‌నే తీసుకుందాం. టైమింగ్ మనమే సర్దుకోగల క్యామ్ గేర్లు రెండు కొని, చెయ్యి వెళ్ళినంత తిప్పి వదిలేయడం ఆచారం. మూర్ఖులు మాత్రం ఇన్‌టేక్‌ను 2 క్రాంక్ డిగ్రీలు రిటార్డ్ (ఆలస్యం), ఎగ్జాస్ట్‌ను 2 అడ్వాన్స్ (ముందుకు) చేస్తారు. 112 కాస్తా 114 అయి, ఓవర్‌ల్యాప్ 44కి దిగుతుంది. ఇన్‌టేక్ ఆలస్యంగా మూసుకుంటే పై ఆర్‌పీఎం బాగుపడుతుంది, కింద టార్క్ తగ్గుతుంది. ఎగ్జాస్ట్ ముందే తెరుచుకుంటే పిస్టన్‌ను నెట్టాల్సిన ఒత్తిడిలో కొంత టర్బైన్‌కు దక్కుతుంది. గేరు మీది గీతలు క్యామ్ డిగ్రీలా, క్రాంక్ డిగ్రీలా అన్నది వీళ్ళకు ముందే తెలుసు. ఒక క్యామ్ డిగ్రీ అంటే రెండు క్రాంక్ డిగ్రీలు మరి. ఆ తేడా తెలియనివాళ్ళు 2 అనుకుని 4 తిప్పేసి, ట్యూనర్‌ను తిడతారు.

గేరు మీది సున్నా గీతను దైవవాక్కుగా నమ్మండి. హెడ్డు చెక్కించారా, గ్యాస్కెట్ మందం మారిందా, బెల్టు సాగిందా అని చూడకండి. చూడాలనుకునే అవిశ్వాసి క్రాంక్‌కు డిగ్రీ చక్రం తగిలించి, పిస్టన్ స్టాప్‌తో టీడీసీ (పిస్టన్ చేరే అన్నిటికన్నా పై చోటు) పట్టి, డయల్ గేజిని ఇన్‌టేక్ లోబ్ మీద పెడతాడు. గరిష్ఠ లిఫ్ట్‌కు 1 మిల్లీమీటరు ముందు చక్రం మీద 72 డిగ్రీలు, దాటాక మళ్ళీ 1 మిల్లీమీటరు దిగినచోట 152 వస్తే, నడిమధ్య 112, అదే ఇన్‌టేక్ లోబ్ కేంద్రం. క్యామ్ కార్డులో (క్యామ్‌తో వచ్చే కొలతల చీటీలో) 112 అనే ఉంటే ఇంటికెళ్ళి పడుకుంటాడు. రసికత లేని మనుషులు.

స్ప్రింగులు మార్చడం కూడా ఈ కోవలోదే. ఇన్‌టేక్ వాల్వు తల 34 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 9 చదరపు సెంటీమీటర్లు. 1.5 బార్ బూస్టు దాని వీపు మీద దాదాపు 14 కిలోల బరువుతో తెరవమని తోస్తుంది. మూసి ఉంచాల్సిన స్ప్రింగు బలంలోంచి అంతా తరుగే. అయినా ఎక్కువ లిఫ్ట్ క్యామ్‌ను పాత స్ప్రింగులతోనే తిప్పితే వాల్వు సీటు మీద ఎగిరెగిరి పడుతుంది. పాటకు తాళం వేసినట్టు ఉంటుంది, ఓపిక చేసుకుని వినాలి.

పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ కొలవడం పిరికితనం. పిస్టన్ మీద ఆడుకునే బంకమట్టి పెట్టి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, అణిగిన మందం చూడటం పిల్లల ఆట. ఇన్‌టేక్ వైపు కనీసం 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉండాలంటారు. 4జీ63లో హైడ్రాలిక్ అడ్జస్టర్లు (వాల్వు దగ్గరి సందును ఆయిల్ ఒత్తిడితో పూడ్చే ముక్కలు) చేత్తో తిప్పేటప్పుడు అణిగిపోయి ఖాళీ ఎక్కువున్నట్టు చూపిస్తాయి కాబట్టి వాటి బదులు గట్టివి పెట్టి కొలవాలనీ చాదస్తం. బెల్టు వేశాక స్టార్టర్ ముట్టకుండా రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పమంటారు. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టొద్దట. ఇది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ (టైమింగ్ తప్పితే పిస్టన్ వాల్వును గుద్దే రకం), వాల్వులు వంగుతాయట. వంగనివ్వండి, వంగినవి బల్ల మీద పెట్టుకుంటే పేపర్‌వెయిట్లుగా ఎంత హుందాగా ఉంటాయి!

ఇంత చేస్తే దక్కేది ఐడిల్‌లో ఆ గుడగుడ. 280 వేసి 1,100 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టినా ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ చాలక బ్రేకు పెడల్ గట్టిపడొచ్చు, పెట్రోలు వాసనకు కళ్ళు మండొచ్చు. పర్వాలేదు. సిగ్నల్ దగ్గర కారు ఒళ్ళంతా వణుకుతూ ఆగుతుంది. పక్క కారులో పెద్దాయన అద్దం దించి తల బయటపెడతాడు. మెచ్చుకోలు వినడానికి మీరూ అద్దం దించుతారు.

"బాబూ, ఒక సిలిండర్ కొట్టట్లేదు. ప్లగ్గులు చూపించుకో."