ఫ్యూజ్ గురించి ఇంకాస్త రాయాల్సింది

చిన్న తెరచాప పడవకు సొంతంగా వైరింగ్ చేసుకోవడంపై మీ వ్యాసం చదివాను. సోలార్ ప్యానెల్, ఛార్జ్ కంట్రోలర్ సంగతి చక్కగా చెప్పారు. కానీ ఫ్యూజ్‌కు ఒక్క వాక్యమే ఇచ్చారు, అది చాలదండీ.

పడవ బ్యాటరీ 12 వోల్టులే కదా, షాక్ కొట్టదని చాలామంది ధీమా. అసలు ప్రమాదం మంట. బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారి, వైరు క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. ఫ్యూజ్ ఉన్నది ముందుగా వైరును కాపాడటానికి. అందుకే బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే పెట్టాలి, లైటు దగ్గర కాదు.

వైరు మందం కూడా అంతే. 60 వాట్లకు ఇంట్లో 230 వోల్టుల మీద పావు ఆంపియరు చాలు, 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు కావాలి. సన్న వైరైతే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. వైరు పొడవు లెక్క బ్యాటరీ నుంచి లైటు దాకా పోనూ రానూ కలిపి వేసుకోవాలి.

మాది జమ్మలమడుగు. గండికోట జలాశయంలో ఉప్పునీటి తుప్పు బాధ లేదు. సముద్రంలో తిరిగేవాళ్లకు మాత్రం తగరం పూత రాగి వైరే మేలు. మాకు ఎండతోనే టెన్షన్. వేసవిలో 40 డిగ్రీలు దాటాక, మూసిన పెట్టెలో లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా పోతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ కూడా వస్తుంది, గాలాడాలి.

పడవలో చేరిన నీళ్లు తోడే ఆటోమేటిక్ పంపుకు మెయిన్ స్విచ్‌తో పనిలేకుండా, విడి ఫ్యూజ్‌తో బ్యాటరీ నుంచి నేరుగా లైను ఇవ్వాలి. ఎవరూ లేనప్పుడే దాని అవసరం ఎక్కువ. ఆ కనెక్షన్ బొమ్మ గీసి వ్యాసంలో చేర్చగలరా?