పేపర్లో రేటు లేని గుడ్డు

రోజూ పేపర్లో బిజినెస్ పేజీ కింది మూలన గుడ్ల ధరలు వేస్తారు. హైదరాబాద్, విజయవాడ, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాలు, వాటి పక్కన నమక్కల్, బర్వాలా. వంద గుడ్లకి ఇంత అని లెక్క. బంగారం, వెండి పక్కన కూర్చునే హోదా అది. ఆ పట్టికని పై నుంచి కింది దాకా ఎంత వెతికినా బాతుగుడ్డు కనపడదు. ఉల్లిపాయ రేటు పెరిగితే రోడ్డెక్కే పార్టీలున్నాయి, టమాటా మీద గంటసేపు చర్చ పెట్టే చానెళ్లున్నాయి. ఒక గుడ్డు రేటే లేకుండా బతుకుతుంటే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు. నాకు కుట్టింది.

ఆవేశం పక్కన పెట్టి సాక్ష్యాధారాలు చూద్దాం. కోడిగుడ్డు సుమారు 50 గ్రాములు, బాతుగుడ్డు సుమారు 70. కోడి తరఫు వాళ్లు వెంటనే లేచి "సైజు కాదండీ, లోపల సరుకు చూడాలి" అంటారు. సరే, వంద గ్రాముల చొప్పున తూచి చూద్దాం. ప్రొటీన్ రెండింట్లోనూ 12, 13 గ్రాముల మధ్యే, అంటే మ్యాచ్ టై. కొవ్వు కోడిగుడ్డులో 10 గ్రాముల లోపు, బాతుగుడ్డులో 14కి దగ్గర. బి12 విటమిన్ అయితే కోడిదానికి ఐదు రెట్ల పైనే. పైగా పెంకు మందం, తొందరగా పగలదు. మన రోడ్ల మీద మోటార్ సైకిల్ వెనక ట్రే కట్టుకుని వెళ్లేవాడికి అంతకు మించిన పోషక విలువ ఏముంటుంది?

కొలెస్ట్రాల్ సంగతి దాచను. ఒక్క బాతుగుడ్డులోనే 600 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకి 300 దాటొద్దని అమెరికా వాళ్లు ఏళ్ల తరబడి చెప్పి, 2015-20 ఆహార మార్గదర్శకాల్లో ఆ అంకెని తీసేశారు. తీసేసిన కబురు మన బాబాయిలకి ఇంకా అందలేదు. ఫంక్షన్‌లో గుడ్డు పచ్చసొనని వేలితో పక్కకి నెట్టి, ఆ వెంటనే మటన్ రెండోసారి వేయించుకునే బాబాయి లేని ఇల్లుందా? ఆయనకి బాతుగుడ్డు వడ్డిస్తే, సొన నెట్టేశాక విస్తట్లో చెప్పుకోదగ్గది ఏమీ మిగలదు. సొన అంత పెద్దది. తెల్లసొన మీదే కండలు పెంచే జిమ్ కుర్రాళ్ల గతీ అంతే. గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే తినండి. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు.

ఇంత గట్టి అభ్యర్థి ఉండగా కోడి ఎలా గెలిచింది? సంఘం పెట్టుకుని గెలిచింది. గుడ్డుకి ధర దళారి చెప్పడమేమిటి, మనమే చెబుదాం అని బి.వి. రావు గారి నాయకత్వంలో కోళ్ల రైతులంతా కలిసి 1982లో ఎన్ఈసీసీ, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, పెట్టారు. తర్వాత టీవీలో "సండే హో యా మండే" ప్రకటన వచ్చింది. హిందీ ముక్క రానివాళ్లు కూడా ఆ వాక్యాన్ని చివరిదాకా అప్పజెప్పగలరు. ఏటా అక్టోబరు రెండో శుక్రవారం ప్రపంచ గుడ్డు దినోత్సవం. బడిలో మధ్యాహ్న భోజనం కాంట్రాక్టూ కోడిదే. దాని బాగోగుల మీద 2017లో చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 269వ నివేదిక కూడా ఇచ్చింది. ఆఖరికి పనీపాటా లేనివాళ్లు ఈకలు పీకాలన్నా కోడిగుడ్డే కావాలి. బాతుగుడ్డు మీద ఈకలు పీకినవాడు చరిత్రలో లేడు.

ఈ వైభవానికి కోడి ఏం చెల్లించిందో కూడా చెప్పుకోవాలి. గుడ్ల కోసం పెంచే లేయర్ ఫారం పంజరంలో ఒక్కో కోడి వాటాకి వచ్చే జాగా జెరాక్స్ కాగితం కన్నా తక్కువ. అందులోనే నిలబడి ఏడాదికి 300 గుడ్లు.

మన బాతు అలా కాదు. వరి కోతలయ్యాక గోదావరి డెల్టాలోనో నెల్లూరు వైపో చూడండి. పొడుగాటి కర్రలతో ఇద్దరు ముగ్గురు మనుషులు, వాళ్ల ముందు వందలకొద్దీ బాతులు. చేలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని తింటాయి. చీకటి పడితే చుట్టూ వల కట్టిన దొడ్లోకి తోలేస్తారు. బాతులు తెల్లారేసరికి గుడ్లు పెట్టేసి, మళ్లీ చేలోకి పోతాయి. అక్కడ మేత అయిపోతే ఇంకో ఊరు, మరీ దూరమైతే లారీ. నియోజకవర్గంలో వాటికి తెలిసినన్ని పొలాలు ఎమ్మెల్యేకి తెలియవు.

ఇప్పుడు సిటీలో సూపర్ మార్కెట్‌కి రండి. ఆరు గుడ్ల అట్టపెట్టె. పైన పచ్చటి మైదానం, ఉదయిస్తున్న సూర్యుడు, నవ్వుతున్న కోడి. (నవ్వే కోడిని నేనింతవరకూ చూడలేదు.) పంజరం లేదు, సహజమైన మేత, ఆరుబయట తిరిగింది అని ఇంగ్లీషులో రాసి, ఆ ఇంగ్లీషుకి వేరే రేటు. అవన్నీ బాతు ఏ సర్టిఫికెట్టూ లేకుండా తన మానాన తాను చేస్తోంది. దాని గుడ్డుకి అట్టపెట్టె లేదు, రోడ్డు పక్కన గడ్డి పరిచిన బుట్టే గతి. ఫారం గుడ్డుని టీ డికాక్షన్‌లో ముంచి నాటుకోడి గుడ్డని అమ్మినవాళ్లున్నారు. బాతుగుడ్డుకి మన దగ్గర నకిలీ చేసే దిక్కు కూడా లేదు. ఆ గౌరవం చైనాలో దక్కింది. సొన ఎర్రగా ఉంటే ఎక్కువ రేటు పలుకుతుందని బాతుల మేతలో తిండికి పనికిరాని సుడాన్ అనే రసాయన రంగు కలిపినవాళ్లు 2006లో అక్కడ దొరికిపోయారు. అది తప్పే, కాదనను. కానీ మోసం చేయాలన్నా ముందు గిరాకీ ఉండాలి కదా!

గిరాకీ లేదా అంటే ఉంది. బెంగాలీలు బజార్లో బాతుగుడ్డుని అడిగి మరీ కొంటారు. కేరళలో కుట్టనాడు వాళ్లు దాని కూరని అప్పంతో తింటారు. మన దగ్గరికి వచ్చేసరికే అది మందుల ఖాతాలో పడింది. మొలలకి మంచిదని నమ్మకం. వైద్యశాస్త్రం దానికి సంతకమేమీ పెట్టలేదు, అయినా నమ్మకం నమ్మకమే. అందువల్ల కొనేవాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతాడు. నేను మామూలుగానే అడిగాను.

"ఎన్నాళ్ల నుంచండీ బాధ?" అన్నాడు అమ్మే ఆయన.

"కూర వండుకోవడానికండీ."

"అందరూ అలాగే అంటారు లెండి. ఎన్ని కట్టమంటారు?"

పేపర్లో రేటు లేని లోటు ఈయన సొంతంగా తీర్చుకున్నాడు. బైకు మీద వస్తే ఒక రేటు, కారులో వస్తే ఒకటి, గొంతు తగ్గించి అడిగితే ఇంకొకటి. ఆ మూడోవాళ్లు బేరమాడరట.

ఇక బాతుగుడ్డు మీద అసలు అభియోగం నీచు వాసన. ఉంటుంది. నత్తల్ని తిన్న పక్షి పెట్టిన గుడ్డు మల్లెపూల వాసన రాదు. కానీ నిన్నటి చేపల పులుసు ఇవాళ ఇంకా బాగుంటుందని దాచుకుని చద్దన్నంలో కలుపుకునే వాళ్లం మనం. మనకా నీచు? చింతపండు పులుసు చిక్కగా కాచి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి ధారాళంగా వేసి, ఉడికిన బాతుగుడ్లకి గాట్లు పెట్టి అందులో పడేస్తే ఆ కేసు అక్కడికక్కడే కొట్టేయొచ్చు. కోడిగుడ్డు కన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉడకనివ్వాలి. అలాగని పొయ్యి మీద పెట్టి సీరియల్ చూస్తూ కూర్చుంటే తెల్లసొన రబ్బరైపోతుంది. హాఫ్ బాయిల్ మోజున్నవాళ్లు కోడి దగ్గరే ఆగిపోండి. బాతు తిరిగేది బురదలో, కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. పెంకు కడిగి, లోపల పూర్తిగా గట్టిపడేదాకా ఉడికించాల్సిందే.

రేటు కావాలన్న నా డిమాండు నెరవేరితే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ముందు రేటు వస్తుంది. రేటు వెనక బ్యాంకు లోను, లోను వెనక షెడ్డు, షెడ్డు నిండా పంజరాలు. ఆ తర్వాత ఎవరో సినిమా హీరో టీవీలో బాతుగుడ్డు కొరికి కన్ను కొడతాడు. లా కమిషన్‌కి మళ్లీ పని పడుతుంది. అందుకని అర్జీని ప్రస్తుతానికి జేబులోనే పెట్టుకున్నాను. చించలేదు.

ఇంతకీ ఈ పోటీ మనం పెట్టిందే, వాటి మధ్య గొడవేమీ లేదు. మన పెంపుడు బాతులు చాలావరకు పొదగవు. గుడ్డు పెట్టేసి ఈతకి పోతాయి. పల్లెల్లో ఆ గుడ్లు తీసుకెళ్లి పొదుగు మీదున్న కోడి కింద పెడతారు. సొంత గుడ్డయితే 21 రోజులు, బాతుగుడ్డయితే 28. లెక్క అడక్కుండా కూర్చుంటుంది పాపం. ఆఖరికి పిల్లలు బయటికొచ్చి నేరుగా చెరువులోకి దిగిపోతే గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ ఊరంతా వినపడేలా అరుస్తుంది. ఆ ఏడు రోజుల ఓవర్‌టైం గురించి 269వ నివేదికలో ఒక్క ముక్క లేదు.