సమ్మె నోటీసు ఇచ్చాక ఏం జరుగుతుంది?

సమ్మెలు, లాకౌట్లు, కార్మిక వివాదాలపై కేంద్రం తెచ్చిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో సమ్మెకు ముందస్తు నోటీసు ఆర్టీసీ, రైల్వే, విద్యుత్తు, నీటి సరఫరా లాంటి ప్రజోపయోగ సేవలకే తప్పనిసరి. ఇప్పుడు స్పిన్నింగ్ మిల్లు అయినా, మందుల ఫ్యాక్టరీ అయినా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సిందే. కార్మిక సంఘాల కోపం ఎక్కువగా ఈ 14 రోజుల మీదే ఉంది. కానీ అసలు పీటముడి అక్కడ లేదు. రెండు వారాలు ఆగడం కట్టుబాటున్న ఏ యూనియన్‌కూ భారం కాదు. ఆగాక చట్టబద్ధంగా సమ్మెలోకి దిగే దారి మిగులుతుందా? యాజమాన్యం తలచుకుంటే మిగలదు.

తేదీలు వేసి చూడండి. యూనియన్ ఒకటో తేదీన నోటీసు ఇచ్చింది. 15 దాటేదాకా సమ్మె కుదరదు. నోటీసుకు ఆయుష్షు 60 రోజులే, దాటితే మళ్లీ కొత్తది ఇవ్వాలి. నోటీసు అందిన 5 రోజుల్లో యాజమాన్యం ఆ సంగతి ప్రభుత్వానికి, ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే రాజీ అధికారికి తెలపాలి. అధికారి 12న తొలి సమావేశం పెట్టారనుకుందాం. పాత చట్టంలో నోటీసు అధికారికి చేరిన రోజే రాజీ ప్రక్రియ మొదలైనట్టు. కొత్త కోడ్‌లో తొలి సమావేశం రోజు నుంచి లెక్క. 14 రోజుల్లో, అంటే 26 నాటికి, ఆయన నివేదిక ఇవ్వాలి. రాజీ నడిచినన్నాళ్లూ, ముగిశాక మరో 7 రోజులూ సమ్మె నిషిద్ధం. ఇక్కడిదాకా ఓర్చుకోవచ్చు.

చిక్కంతా ఆ తర్వాతే. రాజీ కుదరకపోతే ఇరుపక్షాల్లో ఎవరైనా 90 రోజుల్లోగా నేరుగా ఇలాంటి వివాదాలపై తీర్పు చెప్పే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత చట్టంలో ఇలాంటి ఉమ్మడి వివాదాన్ని ప్రభుత్వం నివేదిస్తేనే అక్కడికి చేరేది. ట్రైబ్యునల్‌లో కేసు ఉన్నంతకాలం, ముగిశాక మరో 60 రోజులూ సమ్మె చేయకూడదు. ఆ 7 రోజులు గడిచేలోగా యాజమాన్యం ఒక్క దరఖాస్తు పడేస్తే చాలు, నోటీసు చిత్తుకాగితమే. కేసు నడుస్తుండగా ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు నిబంధనలను కార్మికులకు నష్టం కలిగేలా మార్చకూడదన్న రక్షణ ఉంది. దాని విలువను తక్కువ చేయం. అయితే అది ఉన్నదాన్ని నిలబెడుతుందే తప్ప, జీతం పెంచమని అడిగేవాడి చేతికి బలం ఇవ్వదు.

పక్కదారులూ మూసుకున్నాయి. సగం మందికి మించకపోయినా, సరిగ్గా 50 శాతం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మే. 400 మంది ఉన్న చోట 200 లీవు చీటీలు చాలు. కావాలని పని మందగింపజేయడం, ఘెరావ్, డ్యూటీ అయ్యాక ఆవరణలో బైఠాయింపు అనుచిత కార్మిక విధానాల జాబితాలో ఉన్నాయి. మిగిలింది నల్లబ్యాడ్జీలు, గేటు మీటింగులు, డ్యూటీ దిగాక రోడ్డు పక్క టెంటులో రిలే దీక్షలు.

చట్టవిరుద్ధ సమ్మెకు జరిమానా పాత చట్టంలో 50 రూపాయలు. ఇప్పుడు 1,000 నుంచి 10,000. నెల వరకు జైలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ జీతం మీద పడుతుంది. పదిమంది లేదా అంతకు మించి కలిసి నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా విధులు మానితే, ఉద్యోగ ఒప్పందంలో ఆ షరతు ఉన్నచోట 8 రోజుల వేతనం దాకా కోయవచ్చు. చట్టవిరుద్ధ సమ్మెకు జవాబుగా ప్రకటించిన లాకౌట్, అంటే యాజమాన్యమే పని ఆపేసి గేటు మూయడం, చట్టవిరుద్ధం కాదని కోడ్ చెబుతోంది. ఒక్కరోజు మూకుమ్మడి లీవు ఫ్యాక్టరీ మూతకు సాకు అవుతుందన్నమాట. యూనియన్ నాయకులు గేటు మీటింగులో ముందుగా చెప్పాల్సింది ఇదే.

లాకౌట్‌కూ 14 రోజుల నోటీసు ఉండాలి. జూట్ మిల్లుల్లో పనిచేసినవారికి ఆచరణ ఎలా ఉంటుందో తెలుసు. తెల్లవారుజాము షిఫ్టుకు టిఫిన్ క్యారేజీతో వచ్చేసరికి గేటుకు గొలుసు, దానిపైన అంటించిన టైపు కాగితం. అందులో ‘లాకౌట్’ అన్న మాట ఉండదు. ముడిసరుకు కొరత, ఆర్డర్లు లేవు, ‘పని తాత్కాలికంగా నిలిపివేత’ అని ఉంటుంది. కోడ్ నిర్వచనంలోనే పని నిలిపివేతా లాకౌట్ కిందకు వస్తుంది. పేరు మార్చినంత మాత్రాన బాధ్యత తీరదు. ఆ కాగితాన్ని తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి, హాజరైనవారి సంతకాలతో అదే రోజు కార్మిక శాఖకు ఇవ్వాలి. నెల తర్వాత ఇస్తే, రాలేదు కాబట్టి పని ఇవ్వలేదని యాజమాన్యం వాదిస్తుంది.

రాజీ గది ఖాళీగా మిగిలితే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. దాదాపు 48 వేల మంది బయట ఉన్నారు. విధులకు రానివారు తమను తామే తొలగించుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. జీతాల్లేక కుటుంబాలు నలిగిపోయాయి, ఆత్మహత్యలు జరిగాయి. నవంబరు 25న కార్మిక సంఘాల ఐక్య కార్యాచరణ కమిటీ (జేఏసీ) సమ్మె విరమించింది. చర్చలు ఆగిన చోట గెలిచినవాళ్లు లేరు.

కార్మిక అంశం ఉమ్మడి జాబితాలోది. రెండు తెలుగు రాష్ట్రాలూ చేయగలిగింది చాలా ఉంది. నోటీసు అందిన 3 రోజుల్లో తొలి సమావేశం జరపాలని రాజీ అధికారులను ఆదేశించాలి. యాజమాన్యం తరఫున నిర్ణయం తీసుకోగల వ్యక్తే రావాలి; ‘పైవాళ్లను అడిగి చెబుతా’ననే హెచ్ఆర్ ఉద్యోగితో వాయిదాలు గడిస్తే 14 రోజులు ఇట్టే కరిగిపోతాయి. ప్రతి సమావేశం మినిట్స్‌పై ఇరుపక్షాల సంతకాలు తీసుకుని, నకలు అక్కడికక్కడే ఇవ్వాలి. ఇక పార్లమెంటు చేయాల్సింది ఒకటుంది. యాజమాన్యం వేసిన దరఖాస్తు ఒక్కటే సమ్మెను ఆపేయకుండా కోడ్‌ను సవరించాలి. కనీసం ట్రైబ్యునల్ తీర్పుకు గడువు విధించి, అది దాటితే నిషేధం దానంతటదే తొలగిపోయేలా చూడాలి.