డబ్బు తీసుకున్నాక నియమాలు తెలియాలి కదా
వారాంతపు సాఫ్ట్‌బాల్ ఆటలకు వచ్చే అంపైర్లకు దక్కేదే కొద్దిపాటి సొమ్ము, వారికి నియమాల పుస్తకమంతా తెలియాలనడం అత్యాశ అన్న వ్యాసకర్త మాటను నేను ఒప్పుకోను. ఇక్కడ టెక్సస్‌లో మా అమ్మాయి ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్) ఆడుతుంది. మొన్న ఇద్దరు అవుటయ్యాక, మొదటి బేస్ మీద రన్నర్ ఉండగా, మా అమ్మాయి బ్యాటింగ్‌లో మూడో స్ట్రైక్ (కొట్టాల్సిన బంతిని బ్యాటర్ కొట్టలేకపోవడం) బంతిని క్యాచర్ జారవిడిచింది. మూడో స్ట్రైక్‌తో బ్యాటర్ మామూలుగా అవుటే; కానీ క్యాచర్ బంతిని పట్టలేకపోతే మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు, ఆ బేస్ ఖాళీగా ఉండాలన్నది షరతు. మా అమ్మాయి పరుగెత్తి మొదటి బేస్ చేరుకుంది కూడా. బేస్ ఖాళీగా లేదు కాబట్టి అవుటే అన్నారు అంపైర్. ఆ షరతు ఇద్దరు అవుట్ కాకముందు మాత్రమే! స్ట్రైకా, కాదా అన్నచోట కన్ను పొరబడితే ఎవరూ ఏమీ అనరు (సరే, కొందరు తల్లిదండ్రులు అంటారు). పుస్తకంలో ఉన్నది తెలియకపోవడం వేరు. ఉచితంగా వచ్చిన వాలంటీరైతే నేనూ నోరు మెదిపేవాణ్ణి కాదు.