గజ్జి కుక్కకు విషమా?

ఊళ్లో కుక్కకు గజ్జి పట్టగానే పెద్దలకు విషం గుర్తొస్తోంది. రాత్రికి రాత్రి చంపించి, ఊరి బయట గొయ్యి తీసి పూడ్చేసి, పీడ వదిలిందనుకుంటున్నారు. పల్లెల నుంచి వస్తున్న ఈ వార్తలు మమ్మల్ని కలవరపెడుతున్నాయి. రోగం రావడం చంపడానికి లైసెన్సు ఎప్పుడైంది?

బడి పక్కన పుండ్ల కుక్క పడుకుంటే తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ గజ్జి వేరు, పిచ్చి వేరు. సార్కోప్టిస్ అనే కంటికి ఆనని పురుగు చర్మాన్ని తొలుచుకుపోయి లోపల గుడ్లు పెడుతుంది. ముందు చెవుల అంచులు, మోచేతులు పొక్కు కడతాయి. వెంట్రుకలు ఊడి తోలు మందమెక్కుతుంది. ఆ కుక్క బూడిద కుప్పలో పడుకుని రాత్రంతా వెనక కాలితో చెవి గోక్కుంటుంది. నెత్తురు కారుతున్నా ఆపుకోలేదు. దగ్గరగా మెలిగే మనుషులకూ దురద రావచ్చు. కుక్కకు వైద్యం చేయిస్తే చాలావరకు అదీ తగ్గుతుంది.

మందు కొత్తదేమీ కాదు, గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టినే. పశువైద్యుడు బరువు చూసి ఇంజెక్షన్ ఇస్తారు. గుడ్లు దానికి చావవు కాబట్టి రెండు వారాలకు మళ్లీ వేయాలి. కొందరు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తున్నారు. కుక్క దాన్ని నాకితే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. దయచేసి ఆపండి.

జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కల ఆపరేషన్లు, టీకాల బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. ఆ బాధ్యత ఉన్నవాళ్లే విషం పెట్టిస్తే ఊరివాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? ఒక ఊళ్లో అడిగేవాడు లేకపోతే పక్క ఊరికి ధైర్యం వస్తుంది. ఇవాళ గజ్జి అన్నారు. రేపు కుంటిదంటారు, ఎల్లుండి రాత్రిళ్లు మొరుగుతోందంటారు. ప్రతిసారీ ఒక కారణం దొరుకుతుంది, ప్రతిసారీ అదే విషం. పైగా టీకా వేసిన కుక్కను చంపితే ఆ చోటికి టీకా లేనిది వచ్చి చేరుతుంది.

విషానికి, గొయ్యి తవ్వే కూలికి దొరికిన డబ్బు పశువైద్యుడిని పిలవడానికి ఎందుకు దొరకలేదో ఆ సర్పంచులు గ్రామసభలో నిలబడి చెప్పాలి.